సముద్రానికి వెళ్ళే ముందు



వార్షికోత్సవ సంచికకు పిల్లలకు పనికొచ్చే వ్యాసం ఒకటి రాసి పంపమని వార్డెన్ గారు కబురు చేశారు. మేము ఈ వసతి గృహంలో ఆరవ తరగతి నుంచి పదవ తరగతి వరకు ఉన్నాం. ఇప్పుడు విశాఖపట్నంలో సముద్ర జీవశాస్త్రంలో పీజీ చదువుతున్నాం. మా ఇంట్లో డిగ్రీ దాటిన మొదటివాళ్ళం మేమే కనుక, ఈ చదువు ఏమిటో అమ్మకు చెప్పడానికే రెండు సెలవులు పట్టింది. చివరికి ఆమె "చేపల చదువు" అని పేరు పెట్టుకుంది. అందులో తప్పేమీ లేదు. అయితే ఈ వ్యాసంలో చేపలు కొంచెమే వస్తాయి. ముందుగా నీళ్ళ గురించి చెప్పవలసి ఉంది.

ప్రతి శీతాకాలం హాస్టళ్ళ నుంచి, కాలేజీల నుంచి విహారయాత్ర బస్సులు విశాఖకు వస్తాయి. రామకృష్ణా బీచ్, రుషికొండ, యారాడ, భీమిలి అన్నీ ఒక్క రోజులో చుట్టేస్తారు. రాత్రంతా కూర్చుని ప్రయాణం చేసిన పిల్లలు బస్సు ఆగగానే చెప్పులు చేత్తో పట్టుకుని ఇసుకలో పరుగెత్తుతారు. మనలాగా మెట్ట ప్రాంతం నుంచి వచ్చినవాళ్ళకు సముద్రం అంటే అప్పటిదాకా సాంఘిక శాస్త్రం పుస్తకంలో నీలం రంగు. వాళ్ళ సంతోషం చూస్తే మాకూ సంతోషమే, దానితోపాటు భయం కూడా. 2022 జూలైలో అనకాపల్లి జిల్లా పూడిమడక తీరంలో, పరీక్ష రాసి సరదాగా వచ్చిన ఇంజినీరింగ్ విద్యార్థుల్లో ఆరుగురు ఒకే మధ్యాహ్నం సముద్రంలో కొట్టుకుపోయి చనిపోయారు. అప్పుడు తుపాను ఏమీ లేదు. ఆ ఏడాది మన దేశం మొత్తం మీద నీట మునిగి చనిపోయినవారు 38 వేలకు పైగా ఉన్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. అందులో చెరువులు, కాలువలు, బావులే ఎక్కువ. సముద్రం వాటా తక్కువే గాని, సముద్రంలో పోయేవాళ్ళలో చాలామంది ఆ ఊరివాళ్ళు కారు, చూడటానికి వచ్చినవాళ్ళు.

"మాకు ఈత వచ్చు గదా" అని కొందరు తమ్ముళ్ళు అంటారు. వీపుకు బెండ్లు కట్టుకుని మోటబావిలో నేర్చిన ఈత మంచిదే. కాని బావిలో నీరు నిలబడి ఉంటుంది. నాలుగు బారలు వేస్తే గోడ దొరుకుతుంది. సముద్రంలో నీరే నడుస్తూ ఉంటుంది, పట్టుకోవడానికి గోడ ఉండదు. ఇక ఈత అసలు రానివాళ్ళు మనలో సగానికి పైగా ఉంటారు. అది బద్ధకం వల్ల కాదు. మన తాతలకు ఊరి బావి గట్టు ఎక్కే హక్కు లేదు. 1927లో మహద్‌లో చవదార్ చెరువు నీళ్ళు దోసిట పట్టి తాగడానికే అంబేద్కర్ గారు వేలాదిమందిని వెంటబెట్టుకుని నడవవలసి వచ్చింది. నీళ్ళు ముట్టుకోవడమే నేరమైన చోట ఈత నేర్పేవాళ్ళెవరు? చదువు లాగే ఇది కూడా మనకు ఆలస్యంగా అందుతున్న విద్య. కనుక రాదని సిగ్గుపడనవసరం లేదు, వచ్చినట్టు నటించనూ కూడదు.

నీరు వెనక్కు పోయే దారి

సముద్రం మనిషిని కిందికి లాగేస్తుందని మన ఊళ్ళలో అంటారు. నిజానికి అది కిందికి లాగదు. ఒడ్డు నుంచి లోపలికి తీసుకుపోతుంది. ఈ తేడా తెలిసినవాడికి బతికే అవకాశం చాలా పెరుగుతుంది. అందుకే ఈ భాగం కాస్త నిదానంగా చదవండి.

కెరటాలు ఒకదాని వెనుక ఒకటి ఒడ్డుకు నీటిని తెచ్చి పోస్తూనే ఉంటాయి. అలా వచ్చిన నీరంతా తిరిగి వెనక్కు పోవాలి కదా. అది వచ్చినట్టే వెడల్పుగా పోదు. అడుగున ఇసుక మేటలు ఉంటాయి. ఆ మేటల మధ్య ఎక్కడ గండి ఉంటే అక్కడికి నీరు పక్కల నుంచి చేరి, ఒక పాయగా సన్నగా కూడుకుని, వేగంగా లోపలికి పోతుంది. పొలంలో ఎక్కువైన నీరు గట్టు తెగిన చోటునుంచి ఎలా ఉరుకుతుందో అలాగే అనుకోండి. దీనినే రిప్ కరెంట్ అంటారు. రాళ్ళ గుట్టల పక్కన, సముద్రంలోకి కట్టిన గోడల పక్కన కూడా ఇవి ఏర్పడతాయి. విశాఖ తీరంలో అలాంటి రాళ్ళు చాలా ఉన్నాయి.

ఈ పాయ వేగం సాధారణంగా సెకనుకు ఒకటి రెండు అడుగులు. అంత చిన్న సంఖ్య చూసి తేలిగ్గా తీసుకోకండి. మామూలుగా ఈత వచ్చినవాడు ఎదురీదగలిగేది కూడా ఆ మాత్రమే. బలమైన వాటిలో సెకనుకు 8 అడుగుల వేగం కూడా కొలిచారు. ప్రపంచ రికార్డు ఈతగాళ్ళు 50 మీటర్ల కొలనును దాదాపు 21 సెకన్లలో దాటుతారు. అంటే సెకనుకు ఎనిమిది అడుగుల లోపే. వాళ్ళు కూడా దానికి ఎదురు వెళ్ళలేరన్నమాట. ఒక ఘనపు మీటరు సముద్రపు నీరు సుమారు 1025 కిలోల బరువు ఉంటుంది. అంత బరువు నడుముకు ఒరుసుకుంటూ కదులుతుంటే కాళ్ళు ఇసుకలో నిలవవు. దానికి తోడు వెనక్కు పోయే కెరటం మన పాదాల కింది ఇసుకను తవ్వుకుపోతుంది. విశాఖలో కొన్నిచోట్ల తీరం ఏటవాలు ఎక్కువ. మోకాలి లోతు నుంచి నడుము లోతుకు రావడానికి ఎన్నో అడుగులు అక్కరలేదు.

ఈ పాయ కంటికి ఎలా కనిపిస్తుందో చెబితే ఆశ్చర్యపోతారు. చుట్టూ కెరటాలు తెల్లగా విరిగి పడుతుంటే, మధ్యలో ఒకచోట మాత్రం విరగకుండా, కొంచెం నల్లగా, ప్రశాంతంగా ఉంటుంది. కొత్తవాళ్ళు ఏం చేస్తారు? "ఇక్కడ అలలు తక్కువ" అని పిల్లలను తీసుకుని సరిగ్గా అక్కడికే దిగుతారు. అలలు విరగకపోవడానికి కారణం అక్కడ లోతు ఎక్కువ ఉండటం. నీరు బయటికి పోయే దారి అదే. నురుగు గాని, తేలే చెత్త గాని ఒడ్డు వైపు రాకుండా లోపలికి పోతున్నట్టు కనిపించినా, ఇసుక కలిసిన మట్టి రంగు నీరు ఒక నాలుకలాగా లోపలికి సాగినా అదే గుర్తు. ఇవి నీళ్ళలో నిలబడితే కనిపించవు, ఎత్తు మీద నుంచి బాగా కనిపిస్తాయి. అందుచేత బస్సు దిగగానే బీచ్ రోడ్డు గట్టు మీద పావుగంట నిలబడి చూడండి. పెద్ద కెరటాలు గుంపులుగా వస్తాయి. అయిదారు చిన్నవి వచ్చి ఊరుకుంటే సముద్రం అంతే అనుకుంటాం, తర్వాత నాలుగు పెద్దవి వరుసగా వస్తాయి. జాలారిపేట మత్స్యకారులు పుట్టినప్పటి నుంచి ఈ నీటిని చూస్తున్నవాళ్ళు. వాళ్ళు కూడా తెప్ప దించే ముందు ఆగి కెరటం చూసుకుని గాని దించరు.

ఈ పాయలు స్థిరంగా ఒకేచోట ఉండవు కూడా. ఇసుక మేటలు కదిలితే అవీ కదులుతాయి. నిన్న బాగున్న చోటు ఇవాళ బాగుండాలని లేదు. పాటు సమయంలో, అంటే నీరు తీసేటప్పుడు, ఇవి సాధారణంగా బలపడతాయి. అమావాస్య, పున్నమి రోజుల్లో ఆటుపోట్ల తేడా ఎక్కువ. ఇంకొక సంగతి. ఇక్కడ ఎండ కాస్తూ గాలి లేకపోయినా పెద్ద కెరటాలు రావచ్చు. ఎక్కడో దక్షిణ హిందూ మహాసముద్రంలో లేచిన గాలివానల కెరటాలు వేల కిలోమీటర్లు ప్రయాణం చేసి రోజుల తర్వాత మన ఒడ్డుకు చేరతాయి. వీటి గురించి ముందే హెచ్చరించే ఇన్‌కాయిస్ అనే జాతీయ సంస్థ సముద్రమే లేని హైదరాబాదులో ఉంది. కెరటాల ఎత్తు ఎంత ఉండబోతుందో వాళ్ళు ప్రతి రోజూ ప్రకటిస్తారు. బయలుదేరే ముందు సెల్‌ఫోనులో ఆ ఒక్కటి చూడటం వార్డెన్ గారికి గాని, వెంట వచ్చే మాస్టారికి గాని అయిదు నిమిషాల పని.

కొట్టుకుపోతున్నప్పుడు

పాయలో పడ్డవాడు ఒడ్డు వైపే ఈదుతాడు. ఎవరైనా అదే చేస్తారు, ఒడ్డు కనిపిస్తుంది గనుక. అయిదు నిమిషాలు ఎదురీది అలసిపోతాడు. ప్రాణం తీసేది ఈ అలసట, దానితోపాటు వచ్చే కంగారు. కాబట్టి మొట్టమొదట చేయవలసిన పని ఏమీ చేయకుండా ఉండటం. వెల్లకిలా తిరగండి. చెవులు నీటిలో ఉండనివ్వండి, ముక్కు నోరు పైకి ఉంచండి, గుండెల నిండా గాలి పీల్చి నిదానంగా వదలండి. ఉప్పునీరు మంచినీటి కంటే బరువైనది కనుక బావిలో కంటే సముద్రంలో తేలడం సులువు. ఒక చెయ్యి ఎత్తి ఊపండి. పాయ సన్నగా ఉంటుంది, చాలావాటి వెడల్పు పదుల మీటర్లకు మించదు. కెరటాలు విరిగే వరుస దాటగానే దాని బలం తగ్గుతుంది. ఈత వస్తే ఒడ్డుకు సమాంతరంగా, అంటే బీచ్ రోడ్డు పొడవునా పోతున్నట్టు పక్కకు ఈదండి. కెరటాలు తెల్లగా విరుగుతున్న చోటుకు చేరితే ఆ కెరటాలే మిమ్మల్ని ఒడ్డుకు తోస్తాయి. ఈత రాకపోతే తేలుతూ చెయ్యి ఊపడమే.

సినిమాలో మునిగేవాడు "కాపాడండి" అని కేకలు వేస్తాడు. నిజంగా మునిగేవాడు అరవలేడు. ఊపిరి తీసుకోవడానికే నోరు చాలదు, ఇక అరవడానికి ఎక్కడిది. చేతులు ఊపలేడు కూడా, నీటిని కిందికి నొక్కుతూ ఉంటాడు. తల వెనక్కి వాలి, నోరు నీటి మట్టానికి వచ్చి పోతూ, మెట్లు ఎక్కుతున్నట్టు కనిపిస్తాడు. పక్కన ఉన్నవాళ్ళు ఆడుకుంటున్నాడనే అనుకుంటారు. అది ఒక నిమిషం లోపు అయిపోయే వ్యవహారం. కనుక నీళ్ళలో ఉన్నవాడు హఠాత్తుగా మాట్లాడటం మానేసి ఒడ్డు వైపు తిరిగి నిలువుగా ఉంటే పిలవండి. జవాబు రాకపోతే పరుగెత్తి జీవరక్షకులను పిలవండి.

ఇక్కడే ఇంకో ఇద్దరు పోతారు. వార్తాపత్రికల్లో చూడండి, "స్నేహితుడిని కాపాడబోయి" అనే మాట ఎన్నిసార్లు కనిపిస్తుందో. అన్నదమ్ముల్లా పెరిగిన హాస్టల్ పిల్లలు ఒడ్డున నిలబడి చూడలేరు. అది మాకూ తెలుసు. కాని మునిగేవాడు దొరికినదాన్ని పట్టుకుని దాని మీదికి ఎక్కుతాడు, అది తమ్ముడి మెడ అయినా సరే. చేతులు పట్టుకుని గొలుసులా నీళ్ళలోకి వెళ్ళడం ఇంకా ప్రమాదం. ఒకరి పట్టు జారితే అందరూ పోతారు. వెళ్ళకుండా విసరండి. మూత గట్టిగా బిగించిన ఖాళీ అయిదు లీటర్ల నూనె క్యాను నీటి మీద సుమారు అయిదు కిలోల బరువును మోస్తుంది. మనిషి తల బరువు కూడా దాదాపు అంతే. ఇరవై లీటర్ల మంచినీళ్ళ క్యాను అయితే ఇద్దరు పట్టుకున్నా చాలు. యాత్ర బస్సులో ఈ రెండూ ఎలాగూ ఉంటాయి. వాటికి యాభై అడుగుల నైలాను తాడు కట్టి తీసుకువెళ్ళండి. ఆ తాడు కొనడానికి అయ్యే ఖర్చు బీచ్‌లో తినే మొక్కజొన్న పొత్తుల ఖర్చు కంటే ఎక్కువ ఉండదు.

బయటికి తీసిన మనిషిని బోర్లా పడుకోబెట్టి వీపు మీద నొక్కడం, కాళ్ళు పట్టి తిప్పడం, పొట్ట నొక్కి నీళ్ళు కక్కించడం మన ఊళ్ళలో ఇంకా చేస్తారు. వీటి వల్ల సమయం పోతుంది, కక్కినది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మునిగినవాడికి కావలసింది గాలి. 108కి ఫోను చేయమని ఒకరికి చెప్పి, మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, ముందు నోటితో ఊపిరి ఊదాలి. తర్వాత రొమ్ము మధ్యలో రెండు చేతులతో గట్టిగా, నిమిషానికి వంద నుంచి నూట ఇరవై సార్ల లెక్కన నొక్కాలి. ముప్పై నొక్కులకు రెండు ఊపిర్లు. అంబులెన్సు వచ్చేదాకా ఆపకూడదు. దీన్ని చదివి నేర్చుకోలేరు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు గారిని ఒక ఆదివారం హాస్టల్‌కు పిలిచి దిండు మీద చేయించండి.

అమ్మాయిలకు ఒక మాట. చున్నీ, పొడవైన పరికిణీ తడిస్తే కాళ్ళకు చుట్టుకుంటాయి. మోకాళ్ళ దాకా దిగేటప్పుడు కూడా చున్నీ ఒడ్డున పెట్టి రండి. అబ్బాయిల జీన్సు ప్యాంట్లూ తడిస్తే అంతే, కాళ్ళు కదలనివ్వవు. మద్యం గురించి పెద్దబ్యాచ్ అన్నలకు మేము చెప్పనవసరం లేదనుకుంటాం.

రుషికొండకు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. నీటి పరీక్షలు, శుభ్రత, జీవరక్షకులు, ఈతకు గుర్తించిన స్థలం వంటివి చూసి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు అది. దాని అర్థం అక్కడ సముద్రం మెత్తబడిందని కాదు. ఎరుపు, పసుపు రంగుల జెండాలు రెండు పాతి ఉంటే వాటి మధ్యనే జీవరక్షకుల కన్ను ఉంటుంది. ఒంటి ఎరుపు జెండా ఉంటే దిగకూడదు. రామకృష్ణా బీచ్‌లో ప్రమాద హెచ్చరిక బోర్డులు ఉన్నాయి. జనం వాటికి ఆనుకుని ఫొటోలు దిగుతారు.

కుట్టేవి, కరిచేవి

సముద్రంలో పాములు, సొరచేపలు ఉంటాయని పిల్లలు ఎక్కువ భయపడేది వీటికే. విశాఖ తీరంలో స్నానానికి దిగినవాళ్ళకు నీటి పాయ వల్ల ఉన్న ప్రమాదంతో పోలిస్తే వీటి ప్రమాదం చాలా చిన్నది. అయినా తెలుసుకోవడం మంచిది.

సముద్రపు పాముల తోక తెడ్డులా చదునుగా ఉంటుంది. అన్నీ విషసర్పాలే, వాటి విషం చాలా తీవ్రమైనది. కాని వాటికి మనిషి జోలి అక్కరలేదు. మత్స్యకారులు ఒడ్డు నుంచి అలివి వల లాగినప్పుడు చేపలతోపాటు ఇవీ వస్తాయి. ఇసుక మీద మెల్లగా కదులుతుంటే పిల్లలు పుల్లతో పొడుస్తారు. ఆ పని చేయకండి. కాటు నొప్పి కూడా అంతగా ఉండదు, కొన్ని గంటల తర్వాత కండరాలు బిగుసుకుపోవడం మొదలవుతుంది. మన ఆసుపత్రుల్లో ఇచ్చే పాము మందు నాలుగు రకాల నేల పాముల విషానికి తయారు చేసినది, సముద్రపు పాముకు పని చేయదు. అలా అని ఆసుపత్రికి వెళ్ళడం మానకూడదు. ఊపిరికి, మూత్రపిండాలకు యంత్రాల సాయం ఇచ్చి మనిషిని నిలబెట్టవచ్చు.

జెల్లీ చేపలు ఒడ్డున ఎండిపోయినట్టు పడి ఉన్నా కుడతాయి. నీలి రంగు చిన్న బుడగలా అందంగా ఉండి, కింద పొడుగాటి దారాలు వేలాడే జీవి ఇంకొకటి ఉంది. ఇంగ్లీషులో బ్లూ బాటిల్ అంటారు. అది జెల్లీ చేప కూడా కాదు, అనేక చిన్న జీవుల కాపురం. కుడితే ఇసుకతో రుద్దకండి, మంచినీళ్ళు పోయకండి, మూత్రం పోయమనే సలహా అసలే వినకండి. సముద్రపు నీటితోనే కడిగి, దారాలు పుల్లతో తీసేసి, ఓర్చుకోగలిగినంత వేడినీటిలో ఇరవై నిమిషాలు ఉంచాలి. తోకకు ముల్లు ఉండే టేకు చేప ఇసుకలో కప్పుకుని పడుకుంటుంది. దాన్ని తొక్కితేనే పొడుస్తుంది. పాదాలు ఎత్తి వేయకుండా ఇసుకలో ఈడ్చుకుంటూ నడిస్తే అదే తప్పుకుంటుంది. ఈ ముల్లు గాయానికీ వేడినీరే మొదటి వైద్యం, తర్వాత ఆసుపత్రి.

సొరచేపల విషయానికి వస్తే, 2022 డిసెంబరులో తంతడి తీరానికి కొట్టుకువచ్చినది ప్రపంచంలోనే అతి పెద్ద చేప. తిమింగల సొర. బరువు రెండు టన్నుల దాకా ఉంటుందన్నారు. అది ఎవరినీ తినదు, నీటిలోని సూక్ష్మజీవులను, చిన్న చేపలను వడగట్టుకుని బతుకుతుంది. అటవీ శాఖ వాళ్ళు, మత్స్యకారులు కలిసి దాన్ని తిరిగి లోతు నీటిలోకి పంపించారు. చేపల చదువు చదివేవాళ్ళకు ఇంతకంటే మంచి వార్త ఇంకేముంటుంది!

పాటు సమయంలో రాళ్ళ మధ్య నిలిచిన నీటి గుంటలు తప్పక చూడండి. మెత్తని పువ్వులా విచ్చుకుని తాకితే ముడుచుకునే సీ ఎనిమోన్, గవ్వను ఇల్లుగా మోసుకు తిరిగే సన్యాసి పీత, రాయికి అతుక్కున్న ఆల్చిప్పలు అక్కడే ఉంటాయి. జీవశాస్త్రం పుస్తకంలో ఒక అధ్యాయం మొత్తం ఒక గుంటలో దొరుకుతుంది. చెప్పులు విప్పకండి, ఆల్చిప్పల అంచు బ్లేడులా కోస్తుంది. పాచి రాళ్ళ మీద సముద్రానికి వీపు పెట్టి ఫొటో తీసుకోకండి. లోపల ప్రాణి ఉన్న గవ్వను జేబులో వేసుకోకండి, రాత్రికి బస్సంతా కంపు కొడుతుంది. అది మాత్రం చాలామందికి అనుభవమే.

తాబేలు వచ్చే రాత్రి

మీరు యాత్రకు వచ్చే కాలంలోనే ఇంకొక యాత్రికురాలు కూడా మన తీరానికి వస్తుంది. ఆలివ్ రిడ్లే తాబేలు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆడ తాబేళ్ళు రాత్రివేళ ఇసుక మీదికి ఎక్కి, వెనుక కాళ్ళతో గొయ్యి తవ్వి, నూరు పైచిలుకు గుడ్లు పెట్టి, పూడ్చి, తిరిగి వెళ్ళిపోతాయి. ఒక గంట పని. అప్పుడు కళ్ళ నుంచి నీరు కారుతుంది. ఏడుస్తోందనుకుంటారు గాని అది ఒంట్లో ఎక్కువైన ఉప్పును బయటికి పంపడం. ఒడిశాలోని గహీర్‌మఠ, రుషికుల్య తీరాలకు లక్షల్లో వస్తాయి. మన తీరానికి విడివిడిగా వస్తాయి. తాను పుట్టిన ప్రాంతానికే గుడ్లు పెట్టడానికి తిరిగి వస్తుందని, దారికి భూమి అయస్కాంత శక్తి ఆనవాలుగా ఉంటుందని శాస్త్రజ్ఞులు చెబుతారు. గుడ్డు లోపలిది ఆడా మగా అన్నది ఇసుక వేడిని బట్టి ఉంటుంది. వేడి ఎక్కువైతే ఆడపిల్లలు.

శీతాకాలం ఉదయాలు తీరం మీద చచ్చిపడి ఉన్న పెద్ద తాబేళ్ళూ కనిపిస్తాయి. వాటిని ఏ చేపా కొరికి ఉండదు. తాబేలు నీటిలో బతికినా పీల్చేది గాలినే. మరపడవల ట్రాల్ వలలో చిక్కుకుని పైకి రాలేకపోతే అది కూడా మనిషిలాగే మునిగి చనిపోతుంది. మొదటిసారి ఈ సంగతి తరగతిలో విన్నప్పుడు మాకు నమ్మకం కలగలేదు. వలలోకి వచ్చిన తాబేలు బయటపడేందుకు ఒక కిటికీ అమర్చే పరికరం ఉంది. దాని వల్ల కొంత చేప కూడా పోతుందని పడవలవాళ్ళ బాధ. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా యాంత్రిక పడవల వేట నిషేధం ఉంటుంది గాని, తాబేళ్ళు ఎక్కువగా వచ్చే నెలలు దానికి ముందే అయిపోతాయి. మత్స్యకారుల కడుపు కొట్టి తాబేలును కాపాడమనడం మాకు న్యాయంగా తోచదు. వాళ్ళకు నష్టం పూడ్చి కాపాడమనడమే సరైనది.

పిల్ల తాబేళ్ళు నలభై అయిదు నుంచి అరవై రోజుల్లో బయటికి వస్తాయి. బయటికి రాగానే ఎక్కడ వెలుతురు ఎక్కువ ఉంటే అటు పోతాయి. లక్షల ఏళ్ళుగా రాత్రిపూట ఎక్కువ వెలుతురు ఉన్నది సముద్రం వైపే. ఇప్పుడు బీచ్ రోడ్డు దీపాలు, హోటళ్ళ దీపాలు వచ్చి వాటికి దారి తప్పిస్తున్నాయి. రోడ్డు మీదికి వచ్చినవి కుక్కల పాలు, చక్రాల పాలు. అందుకే అటవీ శాఖ వాళ్ళు, స్వచ్ఛంద కార్యకర్తలు తెల్లవారకముందే తీరం వెంట నడిచి, గుడ్లు ఏరి, కంచె కట్టిన హేచరీల్లో మళ్ళీ పాతిపెడతారు. రాత్రి తాబేలు కనబడితే దాని వెనుక వైపున దూరంగా కూర్చోండి, టార్చి వేయకండి. పట్టుకోవడం, గుడ్లు తీసుకోవడం నేరం. చట్టంలో మూడేళ్ళకు తగ్గని జైలు ఉంది.

2014లో మన గురుకులాల పిల్లలు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. ముందు భువనగిరి రాతి కొండ మీద తాడు పట్టుకోవడం నేర్పారు, ఆ తర్వాతే మంచు కొండకు పంపారు. యాత్రకు ముందు పది రోజులు జిల్లా కేంద్రం ఈత కొలనులో పిల్లలకు వెల్లకిలా తేలడం నేర్పించమని వార్డెన్ గారికి, పూర్వ విద్యార్థుల సంఘం అన్నలకు మా విన్నపం. టిక్కెట్ల ఖర్చులో మా వంతు మేమూ వేసుకుంటాం. యాత్ర తేదీ ఫిబ్రవరి చివరికో మార్చికో మార్చగలిగితే ఇంకా మంచిది, అప్పటికి హేచరీల్లో పిల్లలు పొదగబడి ఉంటాయి. వాటిని వదిలేది సాధారణంగా తెల్లవారుజామున. ముందురోజే అటవీ శాఖ వాళ్ళను అడిగి ఉంచుతాం. బస్సు మాత్రం అయిదింటికల్లా బీచ్ రోడ్డుకు రావాలి, ఫోన్లలో ఫ్లాష్ ఆపి ఉండాలి.